వాన నీరు కూడా అమానతే



మహాప్రవక్త (సల్లం) తాను తెచ్చిన జ్ఞానాన్ని ఒక హదీసులో వర్షంతో పోల్చారు. మంచి నేల ఆ వానను పీల్చుకుని గడ్డి మొలిపిస్తుంది. ఇంకో నేల నీటిని నిలిపి ఉంచుతుంది. జనం తాగుతారు, పశువులకు పెడతారు, పొలాలకు పారించుకుంటారు. మూడో నేల చదునైన చవిటి నేల. అది నీటిని నిలపదు, గడ్డినీ మొలిపించదు. (బుఖారీ, ముస్లిం)

ఈ ఉపమానం హృదయాల గురించి చెప్పినది. కానీ మన చేతులతో మనమే నగరాల నేలను ఆ మూడో నేలగా మార్చుతున్నామేమో ఆలోచించండి!

హైదరాబాదునే చూడండి. మేడలు, సిమెంటు రోడ్లు పెరిగాయి. వాన నీరు ఇంకే చోటు లేక రోడ్ల మీది నూనెను, ప్లాస్టిక్ సంచులను, చెత్తను కడుక్కుంటూ నాలాల్లో పడి మూసీలో చేరుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొంది. ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మించారు. అయినా 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఎన్నో ఇళ్ళు మునిగాయి, ప్రాణాలు పోయాయి. నగరం దాటిన మూసీ నీటితో రైతులు పైర్లు పండిస్తారు. ఆ నది చివరికి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మన గల్లీలోని మురికి ఎవరి పొలానికి చేరుతోందో గ్రహించండి.

ఇలాంటి నగరంలో మిగిలిన మంచి నేల మన పార్కులే. అక్కడ పల్లపు చోటును పూడ్చకుండా ఉంచితే చుట్టుపక్కల రోడ్ల నీరు అందులోకి మళ్ళుతుంది. గడ్డి, చెట్ల వేళ్ళు దాని వేగాన్ని తగ్గిస్తాయి. మట్టి, చెత్త అక్కడే ఆగిపోతాయి. నీరు మెల్లగా భూమిలోకి ఇంకుతుంది. ఇంకుడు గుంతలు తవ్వి, ఏటా వానలకు ముందు పూడిక తీస్తే ఇంకా మేలు. కానీ చెప్పులకు బురద అంటుతుందని పార్కంతా టైల్సు పరిపించమని మనమే అడుగుతాం!

ఆకాశం నుంచి తగిన పరిమాణంలో నీటిని కురిపించి భూమిలో నిలిపింది తానేనని, దాన్ని తీసుకుపోగల శక్తి కూడా తనకుందని అల్లాహ్ మనకు తెలియజేశాడు. (అల్ మూమినూన్ : 18) భూమిలో నిలవవలసిన నీటికి దారి మూసేయడం ఆ అనుగ్రహానికి కృతఘ్నత కాదా? ఎవరి కీడు నుంచి పొరుగువారికి రక్షణ ఉండదో, అతడు విశ్వాసి కాడని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు. మనం తోసేసిన నీరు పల్లంలో ఉన్న పేదవాడి ఇంట్లోకి దూరితే, ఆ పొరుగువాడి హక్కు గురించి రేపు అల్లాహ్ ముందు ఏమని జవాబిస్తాం?

కనుక మన పార్కులో మట్టిని మట్టిగానే ఉండనిద్దాం. ఖుర్బానీ వ్యర్థాలనుగానీ, ఇంటి చెత్తనుగానీ నాలాలో వేయవద్దు. మీ పిల్లల్ని వెంటబెట్టుకుని, వానలకు ముందు పార్కులో నీరు పారే దారిలోని ప్లాస్టిక్ ఏరివేయండి. దారిలోని హానికర వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక భాగమేనని మన ప్రవక్త (సల్లం) నేర్పారు కదా!

అల్లాహ్ మన హృదయాలను, మన నేలను కూడా ఆ మొదటి నేలలా చేయుగాక! ఆమీన్.