మట్టి పిట్ట

పండక్కి నలుగురూ ఒకచోట చేరితే ఎవరింట్లోనైనా పట్టుచీర మీదో, పెళ్లి సంబంధం మీదో వాదనలు జరుగుతాయి. మొన్న సంక్రాంతికి మా ఇంట్లో మాత్రం తుపాకి మీద జరిగింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ట్రాప్ షూటింగ్ నేర్చుకుంటోంది. యంత్రం విసిరిన మట్టి బిళ్లను గాలిలో ఉండగానే పగలగొట్టే ఆట అది. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం తెచ్చింది ఈ కోవకు చెందిన ఆటలోనే. హైదరాబాదు కుర్రాడు కైనన్ చెనాయ్ ఈ ఆటతోనే 2016లో రియో దాకా వెళ్లాడు. రెండేళ్లు క్లబ్బు తుపాకితో నెట్టుకొచ్చిన మా పిల్ల ఇప్పుడు సొంత తుపాకి కావాలంది.

"కొనడమెందుకే? తాతయ్యది ఉందిగా!" అన్నాడు అన్నయ్య.

ఉంది. జోడు గొట్టాల ట్వెల్వ్ బోర్. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయిట, అందుకని ఆ పేరు. ఆకివీడు దగ్గర మా ఊరు. చలికాలం వస్తే తాతయ్య దోనె వేసుకుని కొల్లేటి మీద బాతుల వేటకు వెళ్లేవాడు. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చాక మానేశాడు. ఆయన పోయాక లైసెన్సు అన్నయ్య పేరు మీదికి మారింది. ఆ తుపాకికి ఇప్పుడున్న పనల్లా ఎన్నికలొచ్చినప్పుడు పోలీస్ స్టేషన్లో ఉండి రావడమే.

డల్లాస్ నుంచి మా బాబాయి కొడుకు ఫోన్లో ఇంకో సలహా పారేశాడు. "రెండింటికీ పనికొచ్చేది కొనవే అమ్మడూ! గొట్టం మూతి బిగువు మార్చుకునే మరలుంటాయి. సెప్టెంబరు ఒకటిన ఇక్కడ గువ్వల వేట మొదలవుతుంది. ఆ టైముకి రా, తీసుకెళతా!"

అదిగో, అక్కడ పట్టుకుంది నాకు సందేహం. ఇక్కడ చట్టం వద్దంది కనక మానేశాం. అక్కడ చట్టం సరేనంటే వేటాడొచ్చా? ఆ పిల్ల కొనేది ఆటవస్తువా, ఆయుధమా?

"అత్తా, నువ్వనుకున్నంత తేలిక కాదు ఎంచుకోవడం," అంటూ మా కోడలు నాకు పాఠం చెప్పింది. తుపాకి జాకెట్టు లాంటిదట. ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరికి సరిపోదు. కళ్లు మూసుకుని తుపాకి ఎత్తి, కర్రను భుజానికీ చెంపకీ ఆనించి, అప్పుడు కళ్లు తెరవాలి. చూపు గొట్టం వెంట తిన్నగా పోతే అది మన తుపాకి. ఆరడుగుల తాతయ్య కోసం చేసిన కర్ర దానికి పొడుగు. పైగా వేట తుపాకి రోజంతా మోసుకు తిరగాలి కనక తేలిగ్గా, మూడు కిలోలకు అటూ ఇటుగా ఉంటుంది. ఆట తుపాకి బరువుగా ఉండాలి, లేకపోతే వందసార్లు పేల్చేసరికి భుజం వాచిపోతుంది. దాని గొట్టాలు పక్కపక్కన కాక ఒకదానిమీద ఒకటి ఉంటాయి, పొడుగు ముప్ఫై, ముప్ఫై రెండంగుళాలు. మట్టిబిళ్ల పైకి లేస్తూ పోతుంది కనక దెబ్బ కాస్త ఎత్తుగా తగిలేటట్టు చేస్తారట.

"మరి ఆ బిగువేమిటే?"

"తూటాలో దాదాపు మూడు వందల సీసపు రవ్వలుంటాయత్తా. గుప్పెడు ఆవాలు విసిరినట్టు పోతాయి. గొట్టం మూతి కాస్త బిగిస్తే దూరందాకా గుంపుగా పోతాయి. వదులుగా ఉంటే తొందరగా విచ్చుకుంటాయి."

పక్కనే మంచం మీద పడుకున్న నాయనమ్మ నిద్రపోతోందనుకున్నాం. తొంభై దాటిన మనిషి. 'ఆవాలు' అన్న మాట విని లేచి కూర్చుంది.

"ఆవాలనుకునే ఏరేదాన్ని," అంది. "కూరలో పంటికింద పడేవి. పిల్లలు మింగేస్తారేమోనని దీపం దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ తీసేదాన్ని. ఎంత తీసినా ఇంకోటి ఉండేది."

తరవాత ఆవిడ చెప్పింది నేనిదివరకు ఎప్పుడూ వినలేదు. తాతయ్య తెచ్చిన బాతుల లెక్కే ఊళ్లో చెప్పుకునేవారట. నాలుగు రవ్వలు తగిలి, అయినా ఎగిరిపోయి, కిక్కిస గడ్డిలో పడ్డవాటి లెక్క ఎవరూ చెప్పలేదు. వాటిని వెతకడానికి పాలేరు కుర్రాణ్ణి నీళ్లలోకి దింపేవారు. వాడికి కొన్ని దొరికేవి, కొన్ని దొరికేవి కావు. "దొరకనివి ఏమయ్యేవో అని రాత్రిళ్లు అనుకునేదాన్ని," అంది నాయనమ్మ. "మీ తాతయ్యతో ఎప్పుడూ అనలేదు."

అంటే, రవ్వలు విచ్చుకోవడం వల్లనే కదా వేటగాడి గురి కాస్త తప్పినా పిట్ట పడుతుంది! కానీ వేటగాణ్ణి క్షమించే ఆ గుణమే పిట్టను సగం చంపి వదిలేస్తుంది. మట్టిబిళ్లకు ఆ బాధ లేదు. తగిలితే పొడి అవుతుంది, తగలకపోతే నేలమీద పడుతుంది.

"ఆదివారం ఆదివారం కోడిని కోయించుకుని తింటూ, వేట పాపమంటారేమిటి మీరు?" అని అన్నయ్య గట్టిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మేం మాంసం తినేవాళ్లమే. తాతయ్య కొట్టినవి పారేయలేదు, వండించాడు, పదిమందికీ పంచాడు. కానీ ఆకలేసి దోనె ఎక్కాడా ఆయన? 1938 నవంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు భరత్‌పూర్‌లో ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చి, ఆ లెక్కను రాతిమీద చెక్కించారు. అది ఏ ఆకలి? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు ఊరికే అన్నారా!

ఈ ఆట పుట్టింది కూడా అక్కడేనట. వెనక బతికిన పావురాలను పెట్టెల్లో పెట్టి, తాడు లాగి వదిలి, ఎగరగానే కాల్చేవారు. 'ట్రాప్' అన్న పేరు ఆ బోనుదే. 1900లో పారిస్‌లో ఒలింపిక్ ఆటల సందర్భంగా కూడా బతికిన పావురాలనే కాల్చారు. ఆ పావురం చోటికి ఈ బిళ్ల వచ్చింది. పదకొండు సెంటీమీటర్ల అడ్డుకొలత, నూరు గ్రాముల పైచిలుకు బరువు. ఇంగ్లీషులో దాన్ని ఇప్పటికీ 'క్లే పిజన్' అనే అంటారు.

ఆలోచిస్తే మనకీ ఇది కొత్త కాదు. ద్రోణుడు శిష్యుల గురి పరీక్షించడానికి చెట్టుమీద పెట్టింది శిల్పులు చేసిన బొమ్మ పక్షిని. అర్జునుడికి దాని తల తప్ప చెట్టూ, అన్నలూ, గురువూ ఎవరూ కనిపించలేదట. దాన్ని ఏకాగ్రత అని మెచ్చుకుంటాం. అవతల దశరథుడికీ విద్యలో లోటు లేదు. కడవ మునుగుతున్న చప్పుడుకే బాణం వేసి, ఏనుగనుకుని ముని కొడుకును చంపుకున్నాడు. గురి కుదిరిన వేళ మనిషికి ఇంకేమీ కనిపించదు. అందుకే ఆ చివర ఏం ఉండాలో ముందే తేల్చుకోవాలి. ద్రోణుడు ముందే తేల్చి పెట్టాడు.

ఇదంతా నేను పెద్దరికంతో చెబుతున్నాననుకోకండి. పండగయ్యాక ఓ ఆదివారం నేనూ రేంజికి వెళ్లాను. కోచ్ పక్కన నిలబడి భుజానికి తుపాకి ఆనించి పెట్టాడు. నాలుగు బిళ్లలు నన్ను వెక్కిరించి పోయాయి. అయిదోది ఆకాశంలో నల్లటి పొడి అయిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంబరం ఎలా చెప్పను! నలభై అయిదేళ్ల మనిషిని చిన్నపిల్లలా గెంతాను. గెంతిన మరుక్షణం తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన సంబరమూ ఇదే అయి ఉంటుంది. రక్తంలో ఆయనకు మోజేమీ లేదు, ఎగిరేదాన్ని అందుకున్నానన్న మోజే. అప్పటిదాకా నా మనసు ఆయన మనసుకన్నా మెత్తనిదనుకునేదాన్ని. కాదు. తేడా అంతా ఎదురుగా ఎగిరినదానిలోనే ఉంది. నా అదృష్టం కొద్దీ నాకెదురుగా మట్టి ఎగిరింది.

కాబట్టి మా కోడలికి నేను చెప్పిందొకటే: మనసు మెత్తనిదని దానిమీద భరోసా పెట్టుకోకు, కొనేటప్పుడే తేల్చుకో. రెండింటికీ పనికొచ్చేది ఇంట్లో ఉంటే, ఏదో ఒకరోజు రెండో పనీ గుర్తొస్తుంది.

అది బరువైనదే ఎంచుకుంది. మూతి బిగువు మార్చడానికి వీల్లేనిది, పొలం గట్ల మీద మోసుకు తిరగలేనిది. తాతయ్య తుపాకి సంగతి అన్నయ్య ఇంకా తేల్చలేదు. తండ్రి తరవాత తండ్రి చేతులు పట్టిన వస్తువు, ఊరికే వదులుకోమనడానికి నాకూ నోరు రాలేదు.

పిల్ల ఒక మట్టిబిళ్ల తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని కొడితే ఏమొస్తుందే?"

"ఏమీ రాదు జేజమ్మా."

"గడ్డిలో పడితే?"

"పడి ఉంటుంది, అంతే."

"అయితే కొట్టుకో," అంది నాయనమ్మ.