త్రాడని తెలిసిన పిదప

మన తెలుగులో "పడదు" అను చిన్న మాట యొకటి కలదు. వంకాయ నాకు పడదందుము. క్రొత్త యూరి నీరు పిల్లలకు పడలేదందుము. అన్నదమ్ములిద్దరికిని పడదని కూడ ఆ నోటితోనే యనుచుందుము. శరీరమునకు వస్తువుతో వచ్చు వైరమునకును, మనిషికి మనిషితో వచ్చు వైరమునకును మన పూర్వులు వేరువేరు క్రియలను వెదకికొనక ఒక్క క్రియతోనే సరిపుచ్చుకొనిరి. 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే గ్రీకు ధాతువులను కూర్చి 'అలర్జీ' యను పదమును కల్పించెను. శరీరము చూపు అన్యవిధమైన ప్రతిక్రియ యని దాని తాత్పర్యము. మన మాట అంతకంటె సూటియైనదని నా యభిప్రాయము. వంకాయయందు విషము లేదు, తినువాని యందు పాపము లేదు. ఆ రెంటికిని పడలేదు, అంతే.

సామర్లకోటలో కాలువగట్టున మా బంధువుల యిల్లు కలదు. దాళ్వా నూర్పులై ధాన్యము మిల్లులకు చేరు దినములలో ఒక రాత్రి నేను ఆ యింట నుండుట తటస్థించెను. పదేండ్ల పిల్లవాడు పడుకొనలేక మంచముపై లేచి కూర్చుండి, అరచేతులు మోకాళ్ళపై నూని, భుజములు చెవులదాక లేవ, నూతిలోనుండి నీరు తోడినట్లు ఒక్కొక్క యూపిరిని తోడుకొనుచుండెను. గాలి విడుచునప్పుడెల్ల రొమ్ములో పిల్లికూతలు. తల్లి ఇన్‌హేలరు వెదకి తెచ్చులోపల అమ్మమ్మ వాని వీపు నిమురుచు, "భయపడకురా నాన్నా, అది ఒట్టి ఊకదుమ్మేరా, నిన్నేం చెయ్యదు" అనెను. వాడు మూడు ఊపిరులకు విడదీసి యిట్లు బదులు చెప్పెను: "ఒట్టి దుమ్మేనని నాకూ తెలుసే అమ్మమ్మా. నా గుండెకే తెలీట్లేదు."

వేదాంత గ్రంథములను ముప్పదియేండ్లుగా తిరుగవేయుచున్న నాకు ఆ పసివాని మాట ఒక పాత వివాదమును క్రొత్తగా తెరచి చూపెను. మసకచీకటిలో త్రాటిని చూచి పామనుకొని వణకినవాడు దీపము రాగానే త్రాడని యెరిగి నిర్భయు డగునని అద్వైతులు తరచుగా చెప్పు దృష్టాంతము. శంకర భగవత్పాదుల మతమున జ్ఞానము కలిగిన క్షణముననే అజ్ఞానము నశించును. ఆ పిదప చేయవలసినది వేరేమియు లేదు. బ్రహ్మసిద్ధి కర్తయైన మండనమిశ్రుడు ఇందుకు సమ్మతింపలేదు. దిక్కు తప్పినవానికి ఆప్తుడు వచ్చి ఇది తూర్పని చెప్పినను, వాని కన్నులకు ఆ దిక్కు పడమరగానే కనబడుచుండును. మాటవలన కలిగిన జ్ఞానము సత్యమే యైనను, లోపల గట్టిపడిన సంస్కారము కరగుటకు ఆ జ్ఞానమునే మరల మరల ఆవర్తింపవలెనని ఆయన వాదము. ఆ యావృత్తికే ప్రసంఖ్యానమని పేరు. ఉపదేశసాహస్రిలో శంకరులును, నైష్కర్మ్యసిద్ధిలో సురేశ్వరులును దీనిని గట్టిగా ఖండించిరి. ఆత్మ విషయమున వారి ఖండనము నాకు శిరోధార్యమే. దేహము విషయమున మాత్రము మండనుని పక్షమే నిజమని, ఉబ్బసము పట్టిన ప్రతి రొమ్మును సాక్ష్యము చెప్పుచున్నది.

ఏలయన, దేహము చేయు తప్పు బుద్ధిలో జరుగునది కాదు. ధాన్యపు దుమ్ములోని బూజురేణువో, కంటికానని పురుగు తునకయో మొదటిసారి లోనికి వచ్చినపుడు శరీరము పైకి ఏమియు ననదు. లోలోపల మాత్రము దాని రూపమును శత్రురూపముగా వ్రాసికొని, ఐజీఈ యను ప్రతిరక్షకమును తయారు చేసి, ఊపిరిగొట్టముల వెంబడి కావలియున్న మాస్ట్ కణములపై నాటి యుంచును. ఆ రేణువు మరల వచ్చిన నాడు ఆ కణములు హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను ఒక్కుమ్మడిగా చిమ్మును. గొట్టముల చుట్టునున్న కండరము బిగియును, లోపలి పొర వాచును, కఫము నిండును. ఈ ఐజీఈని 1966లో ఇషిజాకా దంపతులు కనుగొనిరి. మన శాస్త్రములు వాసన యని చెప్పు పూర్వసంస్కారమునకు ఇంతకంటె దగ్గరి రూపమును నేనెరుగను: అది జ్ఞాపకము కలిగియున్నది, స్మరించువాడు లేడు. దానికెవరు ఉపదేశము చేయగలరు?

చేయవచ్చునని చూపినవాడు లండను నగరమున సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో పనిచేసిన లియొనార్డ్ నూన్. గడ్డిపూల పుప్పొడి వలన ఏటేట తుమ్ములతో, కన్నీటితో బాధపడువారికి ఆ పుప్పొడి సారమునే మిక్కిలి పలుచగా చర్మము క్రింద ఎక్కించి, మోతాదును కొద్దికొద్దిగా పెంచుచు వచ్చి, ఫలితమును 1911లో ప్రకటించెను. ఇందొక విచిత్రము కలదు. పుప్పొడిలో విషమున్నదనియు, ఆ విషమునకు విరుగుడు శరీరమున పుట్టుచున్నదనియు ఆయన నమ్మెను. ఆ నమ్మకము తప్పు. పుప్పొడిలో విషము లేదు. జ్ఞానము పొరపాటైనను అభ్యాసము ఫలించినది! ఈ నాటికిని ఆ పద్ధతియే నడచుచున్నది: సూదిమందుగానో, నాలుక క్రింద నుంచుకొను బిళ్ళగానో, మూడు మొదలు అయిదేండ్ల వరకు, పడని వస్తువునే పరిమితముగా శరీరమునకు పరిచయము చేయుచుందురు. సాగగా సాగగా నియంత్రక టి కణములు అను వారింపు కణములు బలపడి, తక్కిన కావలివారిని శాంతింపజేయును. శరీరము తన్ను తాను నిగ్రహించుకొనుటకు అట్టి కణములు కలవని 1995లో నిరూపించిన షిమోన్ సకాగుచికి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో పాటుగా, 2025లో నోబెల్ బహుమానము లభించినది. శత్రువును చంపు మందులకు కాక, శత్రువు కానిదానిని శత్రువనుకొనకుండ జేయు శక్తికి దక్కిన గౌరవమది.

ఇంతవరకు వచ్చి, సహనమే సర్వరోగ నివారణమని తేల్చివేయుట సులభము. మన దేశపు చరిత్రయే నన్ను తొందరపడనీయదు. 1940లో మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయ వైద్యులు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనువారు, క్షయవలె కనబడుచు క్షయ కాని యొక వ్యాధిని వర్ణించిరి. రాత్రులందు దగ్గు, ఉబ్బసమును పోలిన పిల్లికూతలు, రక్తమున ఇయోసినోఫిల్ అను కణములు వేలకొలది. తరువాత 1960లో వెల్లూరు వైద్యులు అట్టి రోగుల ఊపిరితిత్తులలో బోదకాలు పురుగు పిల్లలు చిక్కుకొని యుండుటను చూచిరి. ఆ రొమ్ములు దేనిని చూచి బుసకొట్టెనో అది నిజముగా పామే! అంతకు ముందే, 1947లో, ఆ పురుగును చంపు డైఇథైల్ కార్బమజీన్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సిద్ధమై యుండెను. ఆ పరిశోధనను నడపినవాడు 1895లో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మూడు వారముల మాత్రలతో ఆ ఉబ్బసము చాలవరకు తగ్గిపోవును. ఇంతకంటె ఆలోచింపదగినది మరొకటి కలదు. పురుగు సోకిన వారిలో ఇట్లు తిరుగబడు శరీరములు కొద్దియే. పెక్కుమంది శరీరములు వేల పురుగు పిల్లలను నెత్తుటిలో నుంచుకొని సహించి యూరకుండును. దోమ ఆ నెత్తురును త్రాగి పొరుగువానికి అంటించును. తితిక్ష గొప్ప గుణమే, కాని వివేకము లేని తితిక్ష పొరుగింటివానికి బోదకాలు తెచ్చును. అందుచేతనే కాబోలు సాధన చతుష్టయమున వివేకమును మొదటను, తితిక్షను తరువాతను పెట్టిరి.

పిల్లవాని యుబ్బసమును చూచిన ఆ రాత్రి గడచి, మరునాటి యుదయమున సామర్లకోటలోనే యున్న కుమారారామమునకు పోతిని. తూర్పు చాళుక్య రాజైన భీముడు వేయియేండ్లకు పూర్వము కట్టించిన ఆ కోవెలలో లింగము రెండంతస్తుల యెత్తున నిలిచియున్నది. పాదములు క్రింద, అభిషేకము పైయంతస్తున. తారకాసురుని కంఠమున నున్న లింగము అతనిని అజేయుని చేయుచుండగా కుమారస్వామి దానిని భేదించెననియు, అయిదు తునకలు పడిన చోట్లే పంచారామములైనవనియు కథ. వానిలో నొకటియైన అమరారామమున లింగము పెరిగి పెరిగి పోవుచుండగా శిరమున మేకు కొట్టి ఆపిరని కూడ చెప్పుదురు. రక్షించు శక్తి మితి మీరి పెరిగిన నాడు దానిని నిలుపుటకు మేకు కావలసి వచ్చునన్నమాట. మన కాలమున వచ్చిన క్రొత్త సూదిమందులు ఆ మేకు వంటివి. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఒమాలిజుమాబ్ ఐజీఈని పట్టి బంధించును. 2015 నాటి మెపోలిజుమాబ్ ఇయోసినోఫిల్ కణములకు పోవు సందేశమును తెంచును. 2021 నాటి టెజెపెలుమాబ్ ఊపిరిగొట్టపు పొరలో పుట్టు తొలి కేకనే అణచును. ఊపిరి యందక ఆసుపత్రుల చుట్టు తిరుగుచున్నవారిని ఇవి నిలబెట్టుచున్నవి. వానిని తక్కువ చేయుట నాకు పాపమనిపించును. వెల మాత్రము సామాన్య గృహస్థునికి అందనిది; మేకు తీసిన పిమ్మట లింగము మరల పెరుగుటయు కలదు. మేకు వలె అణచు దమము ప్రాణమును కాపాడును. లోపలి శాంతియైన శమమును నేర్పవలసినది అభ్యాసమే యని నా నిశ్చయము.

కనుక ఈ వ్యాధితో వేగుచున్న కుటుంబములకు నా విన్నపము. మీ రొమ్ము చూచి బెదరుచున్నది త్రాటినో పామునో ముందు రక్తపరీక్షతో, వైద్యునితో తేల్చుకొనుడు. ఉబ్బసము అదుపులోనికి రాకుండ, పడని వస్తువునే కొద్దికొద్దిగా ఎక్కించు సూదులు మొదలుపెట్టవలదు. మొదలుపెట్టిన పిదప ఇన్‌హేలరు పారవేయవలదు. ఆరు నెలలకే సుఖముగా నున్నదని నడుమ మానవలదు. సామర్లకోట పిల్లవానికి ఇప్పుడు కాకినాడలో నెలకొకటి చొప్పున అట్టి సూది వేయించుచున్నారు. వేసిన పిదప ఒంటికి పడనిదేదైన జరుగునేమోయని అరగంట వైద్యుని కన్నుల యెదుట బల్లపై కూర్చుండవలెను; వాడు ఆ బల్లపైననే లెక్కలు చేసికొనుచుండును. రెండేండ్లు గడచినవి, ఇంకను ఒక యేడు మిగిలియున్నది.