నగిషీ నేరమా?

యూరప్ ఆధునిక కళ గురించి చదవడం మొదలుపెట్టిన వాళ్ళకు అడాల్ఫ్ లూస్ అనే పేరు తప్పకుండా ఎదురవుతుంది. ఇతను వియన్నా నగరపు వాస్తుశిల్పి. 1910లో అక్కడ 'అలంకారం - నేరం' అనే ఉపన్యాసం ఇచ్చాడు. రోజూ వాడుకునే వస్తువుల మీంచి నగిషీ రాలిపోవడమే నాగరికత ఎదగడమని అతని వాదం. పపువా దీవి మనిషి ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకుంటే నేరం కాదట. అదే పని ఆధునిక మానవుడు చేస్తే నేరస్థుడో, పతితుడో అవుతాడట.

ఈ వాదంలో కొట్టిపారేయలేని నిజం కూడా ఒకటుంది. నగిషీ చెక్కేవాడు ఎక్కువ గంటలు కష్టపడి తక్కువ కూలీ తెచ్చుకుంటాడు. ఫ్యాషన్ మారగానే అతని శ్రమంతా చెత్తకుప్పలోకి పోతుంది. లూస్ కంటే ముందే ఇంగ్లండులో విలియం మోరిస్ (1834-96) ఇదే బాధతో వేరే దారి పట్టాడు. యంత్రం పనివాడి చేతిలోని సంతోషాన్ని లాక్కుందని, చేతిపనిని మళ్ళీ నిలబెట్టాలని చూశాడు. కానీ అతని కార్ఖానా సరుకు కొనగలిగింది ధనవంతులే. సోషలిస్టుగా అది అతన్ని వేధించింది కూడా.

లూస్ అక్కడితో ఆగలేదు. తివాచీకి ముళ్ళు వేసే పర్షియన్‌నీ, లేసు అల్లే స్లొవాక్ రైతు స్త్రీనీ, తన బూట్లు కుట్టే మనిషినీ తలుచుకుని, వాళ్ళ నగిషీని మాత్రం సహిస్తానన్నాడు. ఎందుకంటే వాళ్ళ బతుకులో అంతకు మించిన ఆనందం లేదట. తనలాంటి వాళ్ళకైతే బీథోవెన్ సంగీతం ఉందట. పర్షియన్లకు హాఫిజ్ గజళ్ళున్నాయని అతనికి తోచలేదు.

'సహిస్తాను' అనే మాట మనకు కొత్తది కాదు. సహించేవాడు ఎప్పుడూ పై మెట్టు మీదే నిలబడి ఉంటాడు. నువ్వు ఇంకా ఎదగలేదు కాబట్టి నీ గుర్తులు నీకు ఉండనిస్తున్నాను, ఎదిగాక నువ్వే వాటిని తీసేస్తావు - ఇదీ ఆ మాట వెనకున్న లెక్క. గడ్డాన్నీ, టోపీనీ, ఉర్దూ మాటనీ ప్రధాన స్రవంతి మన దగ్గర ఇలాగే 'సహిస్తూ' వస్తోంది.

విచిత్రమేమిటంటే, అదే 1910లో మ్యూనిక్ నగరంలో ఇస్లామీయ కళల పెద్ద ప్రదర్శన జరిగింది. 3,500కి పైగా వస్తువులు - తివాచీలు, లోహపు పాత్రలు, రాతప్రతులు. పారిస్ నుంచి మాటిస్ వెళ్ళి చూశాడు. మ్యూనిక్‌లోనే ఉంటున్న కాండిన్‌స్కీ చూశాడు. మాటిస్ నేతగాళ్ళ ఊరు బొహైన్‌లో పెరిగినవాడు. బట్ట విలువ తెలిసినవాడు. మరుసటి ఏడాది గీసిన 'చిత్రకారుడి కుటుంబం'లో తివాచీ పూలకూ మనుషులకూ సమానమైన చోటిచ్చాడు. దూరం, దగ్గర అనే తేడా చెరిపేసి రంగుల్ని పక్కపక్కనే పరిచాడు. కళాచరిత్రకారులు దీన్ని ఆధునికత సాహసమన్నారు. శతాబ్దాలుగా అదే పని చేస్తున్న తివాచీని మాత్రం మ్యూజియంలో 'అలంకార కళల' గదిలో పెట్టారు.

తూర్పు దేశాలకు తాను రుణపడ్డానని మాటిస్ దాచుకోలేదు. నేర్చుకోవడం దొంగతనం కాదు. ఒకే పనికి ఒకచోట 'సృష్టి' అనీ, ఇంకోచోట 'సంప్రదాయం' అనీ పేరు పెట్టడంలోనే అన్యాయం ఉంది. సృష్టి అన్నప్పుడు మనిషి పేరు ఉంటుంది. సంప్రదాయం అన్నప్పుడు జాతి పేరో, మతం పేరో ఉంటుంది.

ఈ కథలో మన వరంగల్ కూడా ఉంది. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్ళాయి. ఆ భవనానికి లోపల రంగులు కూర్చిన ఓవెన్ జోన్స్, 1856లో అచ్చువేసిన తన అలంకార గ్రంథంలో భారతీయ, అరబ్బు నమూనాల నుంచి నేర్చుకోమని బ్రిటిష్ డిజైనర్లకు చెప్పాడు. ఓవెన్ జోన్స్ పేరు నిలిచింది. ఆ తివాచీలు నేసిన కారీగర్ల పేర్లు కళాచరిత్రకు ఎక్కలేదు.

1919లో వైమార్‌లో బౌహౌస్ అనే పాఠశాల పుట్టింది. కళాకారుడికీ చేతిపనివాడికీ మధ్య అడ్డుగోడ ఉండకూడదని దాన్ని స్థాపించిన గ్రోపియస్ ప్రకటించాడు. గొప్ప మాట. కానీ అక్కడ చేరిన ఆడపిల్లల్లో ఎక్కువమందిని మగ్గం గదికే పంపారు. ఒక గోడ కూల్చినవాళ్ళే ఇంకో గోడ లేపారు.

1927లో స్టుట్‌గార్ట్‌లో గ్రోపియస్, కార్బూజియే వంటి వాళ్ళంతా కలిసి ఒక నమూనా కాలనీ కట్టారు. నగిషీ లేని నున్నటి గోడలు, చదును కప్పులు. నాజీల కాలంలో ఆ కాలనీ ఫొటోకు ఒంటెల్నీ, సింహాల్నీ, అరబ్బు దుస్తుల మనుషుల్నీ అతికించి 'అరబ్బు పల్లె' అంటూ ఎగతాళి పోస్టుకార్డు అచ్చేశారు. బౌహౌస్ 1933లోనే మూతపడింది. 1937లో మ్యూనిక్‌లోనే ఆధునిక చిత్రాల్ని 'పతిత కళ' పేరిట ప్రదర్శించి అవమానించారు.

'పతితుడు' - పచ్చబొట్టు మనిషి మీద లూస్ విసిరిన మాట చివరికి ఆధునికుల మీదే పడింది. నగిషీ ఉంటే వెనకబాటు అన్నారు. నగిషీ తీసేస్తే అరబ్బు అన్నారు. గుర్తులు చెరిపేసుకుంటే కలుపుకుంటారనే ఆశ ఎంత బలహీనమైందో ఆ పోస్టుకార్డు చెబుతోంది.

అయితే మాటిస్‌ను మనవాడనుకుని గర్వపడితే సరిపోతుందా? నగిషీ అంతా మనదేనని పట్టుకు వేలాడితే సరిపోతుందా? అదీ చాలదు. కూలీ సంగతి లూస్ ఎత్తాడు, మనం వదిలేస్తున్నాం. మన హునర్ అని మురిసిపోయే ముందు, ఆ తివాచీకి ముళ్ళు వేసిన వాళ్ళకు రోజుకు ఎంత ముట్టిందో అడగాలి. వాళ్ళలో ఆడవాళ్ళెందరో అడగాలి. వాళ్ళ పేర్లేమిటో అడగాలి. నున్నటి గోడ ముందు నిలబడినా, నగిషీ చెక్కిన తలుపు ముందు నిలబడినా అడగాల్సినవి ఈ ప్రశ్నలే. వీటికి జవాబు దొరికిన రోజున మనకు ఎవరి సహనమూ అక్కర్లేదు.