దారి చూపువాని బాధ్యత

అడిగినవానికి దారి చూపుట పుణ్యమని మన పెద్దలందురు. నిజమే. కాని చూపిన దారి చివర వెదకిన ఇల్లు లేకపోయినచో ఆ దోషమెవరిది? చూపినవానిదా, నడచినవానిదా, ఇల్లు మార్చినవానిదా? ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగిరిలో గడపిన నాకు ఈ ప్రశ్న ఈ వయస్సున, మనుమరాలి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మరల ఎదురైనది.

వికీ యనగా ఎవరైనను వ్రాయుటకును, దిద్దుటకును వీలైన పుటల సముదాయము. 1995లో అమెరికా దేశమున వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని నెలకొల్పెను. మరాఠీ వికీపీడియా, తెలుగు వికీపీడియా రెండును 2003లో పుట్టినవి. అయినను అవి వేరు వేరు ఇండ్లు. వ్రాయువారు వేరు, కట్టుబాట్లు వేరు. తెలుగులోనే గ్రంథములకు వికీసోర్సు, పదములకు విక్షనరీ విడిగా కలవు. ఈ ఇండ్ల నడుమ రాకపోకలకు లంకెలు వేయుదురు.

ఈ లంకెలలో ఒక విశేషము కలదు. ఒక వికీలో, ఆ వికీలోని పుటకే లంకె వేసినప్పుడు, ఆ పుట ఇంకను వ్రాయబడనిచో లంకె ఎఱ్ఱగా కనబడును. “ఇది మా యొద్ద లేదు” అని బహిరంగముగా ఒప్పుకొనుట యన్నమాట. పొరుగు వికీకి వేసిన లంకెకు ఆ ఎరుపు లేదు. అచ్చట పుట ఉన్నను, లేకున్నను అది ఒకే రంగున నిలిచియుండును. పొరుగింటి బీరువాలో ఏమున్నదో మన యింటి దీపమునకు తెలియదు గదా! ఆ లంకె కేవలము వేసినవాని మాటపై నిలుచును. ఇది చదివినప్పుడు నాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చినది.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి మన నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్రలోనిదయ్యెను. కాని జిల్లా అంతయు ఇటు రాలేదు. దేగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళును, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళును ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి, నేడవి తెలంగాణలోనివి. నేను కొలువులో నుండగా బిచ్కుంద వైపునుండి ఒక వృద్ధ రైతు, తాతనాటి భూమికి సేత్వారు నకలు కోరి వచ్చెను. “పెద్దయ్యా, మీ ఊరు అటు పోయినది. కాగితములును అటే పోయియుండును” అంటిని. బీరువా తెఱచి చూడలేదు. అతడు ఆవలి రాష్ట్రపు కచేరికి పోయి, లేదనిపించుకొని, నెల దాటిన పిమ్మట మరల వచ్చెను. “సారూ, మీరు చెప్పిన కాడ లేదంట” అని మాత్రమే అనెను. ఆనాడు వెదకితిని. కాగితము మా బీరువాలోనే, దేగ్లూరు పేరిటి కట్టలో దొరకెను. నేను అబద్ధమాడలేదు, ఊహను సమాచారముగా చెప్పితిని. అతని బస్సు ఖర్చులు, పోయిన కూలి దినములు నేనెట్లు తీర్పగలను?

వికీలవారును ఇట్టి చిక్కులు పడిరి. పూర్వము ప్రతి భాషలోని పుట క్రిందను తక్కిన భాషల పుటల పట్టిక వేరుగా వ్రాసెడివారు. ఒకచోట పేరు మారినచో అన్నిచోట్ల దిద్దవలసివచ్చెడిది. 2012 అక్టోబరులో వికీడేటా ఏర్పడినది. 2013లో ఈ పట్టికలు దానిలోనికి చేరసాగినవి. విషయమునకొక సంఖ్య, ఆ సంఖ్య క్రింద అన్ని భాషల పుటలు. మన కచేరీల ఆవక జావక రిజిస్టరు వంటిదే. పేరు మారినను సంఖ్య మారదు. కాని నాందేడు నగరపు పుటయు, నాందేడు జిల్లా పుటయు ఒకటి కావని సంఖ్యకు తెలియదు. మనుష్యుడే చదివి నిర్ణయింపవలెను. తప్పుగా కలిపినచో ఒక్కని పొరపాటు అన్ని భాషలకు పాకును.

వెదకుటయు నట్టిదే. 2017లో, వికీపీడియాలో వెదకినవానికి అదే భాషలోని సోదర వికీల ఫలితములను ప్రక్కన చూపు ఏర్పాటు వచ్చినది. కాని తెలుగున వెదకువానికి మరాఠీ పుటలోని సంగతి సామాన్యముగా కనబడదు. బడిలో మరాఠీ, ఇంట తెలుగు నేర్చిన మన బిడ్డలు ఇది తెలిసికొనవలెను. “దొరకలేదు” అనుట వేరు, “లేదు” అనుట వేరు. ఆ రెంటిని ఒకటిగా తలచియే నేను ఆ రైతును త్రిప్పితిని, వెదకకయే లేదంటిని.

“అన్నిటిని ఒక్కటిగా కలిపివేసిన పోలేదా?” యని కొందరడుగవచ్చును. నాకది సమ్మతము కాదు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. త్ర్యంబకమువారు దాని పుట్టుకను చూతురు, మనము నడుమ చూతుము, రాజమహేంద్రవరమువారు సముద్రమునకు చేరువలో చూతురు. నది ఒకటే, చూపులు వేరు. ఒక గట్టువారి మాటను మరియొక గట్టువారి మాటలో ముంచివేయరాదు. ఇండ్లు వేరుగా ఉండనిండు. నడుమ తలుపులు మాత్రము సరిగా తెఱచుకొనవలెను.

ఇక మొదటి ప్రశ్నకు నాకు తోచిన సమాధానము. ప్రతి ఇంటికిని కావలి కాయుట ఎవరికిని సాధ్యము కాదు. లంకె వేసిన పిమ్మట ఇల్లు మారినచో వేసినవాడు దోషి కాడు. కాని వేయుటకు ముందొకసారి పోయి చూచుట, చెడినదని తెలిసినప్పుడు దిద్దుట మన చేతిలోనివి. అవి చేయనివాడు దోషియే. మన సంఘపు యువకులు నాందేడును గూర్చిన తెలుగు, మరాఠీ పుటలను ప్రక్కప్రక్కన నుంచి చదివి, ఒకదానిలో లేనిదానిని రెండవదానినుండి చేర్చినచో నేను సంతసింతును.

“తెలియదు, చూచి చెప్పెదను” అనుట సిగ్గుపడవలసిన మాట కాదు. ఆ ఒక్క మాట నేనానాడు అనియుండినచో, ఆ వృద్ధుడు మరునాటికే నకలు చేతపట్టుకొని ఇల్లు చేరియుండెడివాడు.