అవతలివాడి కోసం అట్టేపెట్టిన స్వరాలు



జాజ్ గిటారిస్టులు జిమ్ హాల్, పాట్ మెథీనీ కలిసి చేసిన ఆల్బమ్ విని, ఇద్దరు ఉద్దండులూ ఎందుకంత తగ్గి వాయించారని అడిగావు. వాళ్లు తగ్గలేదంటాను నేను. 1999లో టెలార్క్ సంస్థ తెచ్చిన ఈ ఆల్బమ్‌లో బేస్ లేదు, డ్రమ్స్ లేవు, ఉన్నవి గిటార్లే. ఒకే జాతి వాద్యాలు రెండు పక్కపక్కన మోగితే చిక్కే మరి. ఇద్దరూ ఆరేసి తీగలూ నిండుగా మీటితే మిగిలేది రొద. అందుకే హాల్ చాలాచోట్ల రెండు మూడు స్వరాలతోనే కార్డు (స్వరాల గుత్తి) సరిపెడతాడు. తక్కినవి వదిలేసినట్టే ఉంటాయి గానీ, అవి అవతలివాడి కోసం అట్టేపెట్టినవి. 1962లో బిల్ ఎవాన్స్ పియానో పక్కన 'అండర్‌కరెంట్' ఆల్బమ్ వాయించినప్పుడే హాల్‌కి ఈ కిటుకు పట్టుబడింది.

ఇదంతా ఉత్త మర్యాదే కదా అంటావేమో. అలాగైతే ఇందులోని 5 'ఇంప్రొవైజేషన్' ముక్కలు విను. ముందుగా రాసుకున్నదేమీ లేదు. అక్కడ ఇద్దరూ మీరు ముందంటే మీరు ముందని కూర్చుంటే నిశ్శబ్దమే. ఎవరో ఒకరు తెగించి ఒక పదం అనాలి, రెండోవాడు దాన్ని అందుకోవాలో, కాదనాలో, ఊరుకోవాలో ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. ఊరుకోవడానికీ ధైర్యం కావాలి. ఆల్బమ్‌లోని 17 ముక్కలూ ఏకబిగిన వింటే మధ్యలో కాస్త మగత కమ్ముతుందన్నది మాత్రం ఒప్పుకుంటాను. ఆ తప్పు కూర్పుది, వాయింపుది కాదు.

ఇద్దరు కలిసి చేసే పనిలో తన పేరు మునిగిపోతుందన్నది నీ వయసువాళ్ల భయం. మెథీనీ హాల్ కన్నా 24 ఏళ్లు చిన్న, ఆయన్ని గురువులా చూసుకున్నవాడు. భక్తి ఒక్కోసారి చేతులు కట్టేస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. హాల్ నాదం గుండ్రంగా, మందంగా ఉంటుంది; మెథీనీది తడి మెరుపులా పరుచుకుంటుంది. కళ్లు మూసుకున్నా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. చోటిచ్చినందువల్ల ఎవరి గుర్తూ చెరగలేదు. పక్కవాద్యం పట్టు తెలిసిన మన కచేరీ శ్రోతలకి ఇది కొత్త సంగతేం కాదు. నువ్వే ఎందుకో జాజ్ దగ్గర మరిచిపోయావు.

'ఆల్ ది థింగ్స్ యు ఆర్' మళ్లీ పెట్టు. ఈసారి సోలో వాయించేవాణ్ణి వదిలేసి, రెండోవాడి వెంటే వెళ్లు.