అలవాటైపోతుందిలే

మా ఇళ్లల్లో ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సారెతో పాటు ఒక మాట కూడా మూటకట్టి ఇస్తారు. "మొదట్ల అట్లనే ఉంటది బిడ్డా, తర్వాత అలవాటైతది." అత్తగారి కోపానికీ, ఆడబిడ్డ ఎత్తిపొడుపులకీ, మొగుడి మౌనానికీ అదొక్కటే మందు. నేనూ ఆ మందు మింగినదాన్నే. మింగడమే కాదు, నా నవలల్లో నాయికల చేత కూడా మింగించాను. సహనమూర్తులని పాఠకులు మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా!

ఈమధ్య తిమ్మాజిపేటలో మా చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. వెళ్లడమేమిటి, పిలిపించారు. చిన్నమ్మ చిన్న కూతురు దసరా పండక్కి పుట్టింటికి వచ్చి, దీపావళి దాటినా తిరిగి వెళ్లనంటోంది. తల్లి సర్దిపెట్టిన పెట్టె మాత్రం వాకిలి పక్కనే సిద్ధంగా ఉంది.

"నువ్వు కతలు రాసేదానివి. నీ మాటంటే దానికి గురి. జర నచ్చజెప్పు. అలవాటు చేసుకోవాలె గద!" అంది చిన్నమ్మ.

మర్నాడు పొద్దున్నే నేనూ, చెల్లెలూ చిన్నాయన వెంట పత్తిచేనుకు వెళ్లాం. ఆయన పచ్చటి కాయ ఒకటి తెంపి పగలగొట్టాడు. లోపల దూది నల్లబడి ముద్దకట్టింది. నడుమ చిన్న గులాబిరంగు పురుగు.

"చూసినవా బిడ్డా? పైకి ఏం కనబడదు. లోపలంత తింటది. ఏ మందు కొట్టినా చస్తలేదు. అలవాటు పడ్డది."

మళ్లీ అదే మాట! కోడలికీ అదే, పురుగుకీ అదే.

"అలవాటు పడలేదు నాయనా" అంది చెల్లెలు. అది బి.ఎస్సీ. చదివింది. నా చదువు బి.ఏ. కాబట్టి నోరు మూసుకుని విన్నాను.

ఈ పోరు పాతదే. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు అప్పటి పైరిత్రాయిడ్ మందులను లెక్కచెయ్యకుండా పత్తిచేలను తినేసింది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా విషాన్ని మొక్కే తయారుచేసుకుంటుంది. దాన్ని తిన్న పురుగు పేగుగోడను ఆ విషం పట్టుకుని తూట్లు పొడుస్తుంది. 2010 కల్లా గుజరాత్‌లో గులాబిరంగు పురుగు దానికి లొంగడం లేదని తేలింది. రెండు విషాలతో 2006లో వచ్చిన రెండో రకాన్ని కూడా మరికొన్నేళ్లకే తట్టుకుంది.

ఎలాగంటారా? ఇన్నేళ్లూ నేను తప్పుగా అనుకున్నది ఇక్కడే. ఏ పురుగూ ఓర్పు నేర్చుకోలేదు. లక్షల్లో ఏ ఒక్కదానికో పుట్టుకతోనే పేగులో ఆ చోటు కాస్త వేరుగా ఉంటుంది. విషానికి పట్టు చిక్కదు. అది బతుకుతుంది, మిగతావి చస్తాయి. బతికినదాని పిల్లలతో చేను నిండుతుంది. అప్పుడు మనం వచ్చి చూసి అలవాటు పడ్డదంటాం. చచ్చినవి లెక్కకు రావు కదా!

ఆ మాట వినగానే నాకు నడిపి చిన్నమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకూ, ఈ చిన్నమ్మకూ నడుమ పుట్టింది. పెళ్లయిన రెండో ఏడే ప్రాణం తీసుకుంది. మా ఇంట్లో ఆవిడ ఊసెత్తరు. ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఇద్దరు అలవాటు పడ్డారు. ఆ ఇద్దరినీ చూపించి మాకు నీతులు చెప్పారు.

మనుషులూ విషాన్ని తట్టుకునేలా మారగలరు, కాదనను. అర్జెంటీనాలో ఆండీస్ కొండల మీద శాన్ ఆంటోనియో దె లోస్ కోబ్రెస్ అనే ఊరుంది. అక్కడి నీళ్లలో ఆర్సెనిక్ అనే పాషాణం ఉంది. దాన్ని ఒంట్లోంచి సులువుగా బయటికి పంపే జన్యువు అక్కడివాళ్లలో ఎక్కువగా కనిపిస్తోందని 2015లో శాస్త్రజ్ఞులు చెప్పారు. కానీ దానికి వేల ఏళ్లు పట్టింది. ఆ వేల ఏళ్లలో ఎందరు తల్లుల కడుపుకోత ఉందో ఎవరు రాసిపెట్టారు? మన పక్క నల్లగొండనే చూడండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీళ్లు తాగి ఎందరి నడుములు వంగిపోలేదు! ఎముకలకు ఎవరూ ఓర్పు నేర్పలేకపోయారు. చివరికి నీళ్లనే మార్చవలసి వచ్చింది.

ఓర్పు చెడ్డదని నేననను. పాలమూరు మట్టిలో పుట్టినవాళ్లకు ఓర్పు లేకపోతే పూట గడవదు. కానీ ఎండ వేరు, విషం వేరు.

"అక్కడ నన్నెవరూ కొట్టరక్కా" అంది చెల్లెలు గట్టు మీద కూర్చుని. "రోజుకో చుక్క, అంతే. ఇంకా కొన్నాళ్లుంటే అది విషమన్న సంగతే మర్చిపోతానేమోనని భయమేసింది."

తర్వాత మరో సంగతి చెప్పింది. బీటీ విత్తనాల సంచితో పాటు మామూలు పత్తి గింజల చిన్న ప్యాకెట్టు ఒకటి ఇచ్చేవారట. చేను చుట్టూ అయిదు సాళ్లు అవి వెయ్యాలి. ఆ సాళ్లలో విషముండదు. తట్టుకోలేని పురుగులు అక్కడ బతుకుతాయి. మొండి పురుగు వాటితో జతకడితే పుట్టే పిల్లలు చాలావరకు విషానికి లొంగుతాయి. శాస్త్రంలో ఆ సాళ్లకు ఆశ్రయమని పేరట.

"పురుగులకు ఎవడన్న ఇల్లు కట్టిస్తడా? ఆ ప్యాకెట్లు నేను పారేసిన" అన్నాడు చిన్నాయన. చాలామంది రైతులు ఆయనలాగే పారేశారు. పాపం, ఉన్న రెండెకరాల్లో పురుగు కోసం చోటొదలమంటే ఎవరికి మనసొప్పుతుంది?

పోలికను మరీ లాగుతున్నానేమో. పురుగు శత్రువు, కూతురు కన్నబిడ్డ. శత్రువుకే అయిదు సాళ్లు వదలమన్నారే, బిడ్డకు ఒక గది వదల్లేమా?

సాయంత్రం చిన్నమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, "చెప్పినవా?" అంది.

"చెప్పలేదు. నడిపి చిన్నమ్మ ఎందుకు అలవాటు చేసుకోలేదు?" అన్నాను.

చాట ఆగిపోయింది. చాలాసేపటికి అంది: "రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మా నాయన సముదాయించి తోలిచ్చిండు. మూడోసారి రాలేదు."

అంతే. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

రాత్రి భోజనాలయ్యాక చూద్దును కదా, వాకిలి పక్కన పెట్టె లేదు. చిన్నమ్మ దాన్ని లోపలి గదిలోకి మోసుకెళ్లి, చీరలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేస్తోంది.