బిల్దదు పక్షాన

కొత్త సంవత్సరం ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల మీద ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. ఇవాళ కొద్దిపాటిగా ఉన్నా ముందుముందు బాగా వృద్ధిలోకి వస్తావని దాని భావం. అది యోబు గ్రంథం 8వ అధ్యాయంలోది. పలికినవాడు బిల్దదు. విన్నవాడు పదిమంది బిడ్డల్నీ ఒక్కరోజున పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు. దానికి కాస్త ముందే, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారన్న ధోరణిలో మాట్లాడాడు ఆ పెద్దమనిషి. కార్డు మీద ఆ ముక్క వేయరు.

యోబు నిర్దోషి అని మొదటి అధ్యాయంలోనే దేవుడు చెప్పేస్తాడు. అది తెలిసి చదువుతూ కూడా నేను స్నేహితుల వైపే మొగ్గుతాను. ఎలీఫజు, బిల్దదు, జోఫరు, ముగ్గురిదీ ఒకే లెక్క: దేవుడు న్యాయవంతుడు, నువ్వు బాధపడుతున్నావు, కాబట్టి నువ్వేదో చేశావు. ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందనగానే నా నోట వచ్చే మొదటి మాట ‘తాగేవాడా?’ అని. ప్రమాదమంటే ‘హెల్మెట్ పెట్టుకోలేదా?’ అని. జాలి లేక అడగను. అవునని జవాబొస్తే గుండె తేలికపడుతుంది, అది నా జోలికి రాదని. కాదని తెలిస్తే ఆ రాత్రి నిద్రపట్టదు. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అన్న సామెతకు బైబిలు అట్ట వేసుకుని, దాన్నే దేవుని న్యాయం అనుకుంటూ వచ్చాను.

యూదు రబ్బీలు ఈ అలవాటును ఎక్కడ పెట్టారో చదివి ఉలిక్కిపడ్డాను. తల్మూదులో బావా మెత్సియా అనే భాగం క్రయవిక్రయాల్లో మోసం గురించి చెబుతూ, నోటిమాటతో చేసే అన్యాయం అంతకన్నా పెద్దదంటుంది. జబ్బుపడినవాడితో, బిడ్డల్ని పాతిపెట్టి వచ్చినవాడితో యోబు స్నేహితుల్లా మాట్లాడకూడదని అక్కడే నిషేధం పెట్టింది.

లూకా 13వ అధ్యాయంలో యేసు, సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది సంగతి ఎత్తుతాడు. వాళ్లు యెరూషలేములో అందరికన్నా పాపులా అని అడిగి, కాదంటాడు. అక్కడితో ఆగితే నాకు హాయిగా ఉండేది. ఆయన ఆగడు. మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారని విన్నవాళ్లవైపు తిరుగుతాడు.

ఇంత చదివినా లెక్కను పూర్తిగా వదులుకోలేను. పసివాళ్లను గ్యాస్ గదుల్లోకి తోలినవాళ్లలో కొందరు ముసలితనంలో మంచం మీద నిమ్మళంగా పోయారంటే, ఎక్కడో ఒక తీర్పు ఉండి తీరాలని కడుపు రగులుతుంది. ఆ మాటకొస్తే యోబూ లెక్క వదల్లేదు. నా మీద నేరారోపణ ఏదో రాసివ్వమని, దాన్ని భుజాన వేసుకుని తిరుగుతానని 31వ అధ్యాయంలో సవాలు చేశాడు. స్నేహితులు దేవుని గురించి ఎంతో మాట్లాడారు. దేవునితో మాట్లాడింది మాత్రం అతనొక్కడే. చివరికి సుడిగాలిలోంచి దేవుడు పలికిన మాటల్లో అతని ప్రశ్నకు జవాబు లేదు, అతని పాపాల చిట్టా కూడా లేదు. కోపం వచ్చింది స్నేహితుల మీద, అంతసేపూ దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ల మీద.

నా ప్రార్థనల్లో ఇప్పటిదాకా ఒక్క నిలదీతైనా లేదు. అది వినయమనుకునేవాణ్ణి. నిలదీస్తే జవాబు రాకపోవచ్చు. నా మీది నేరారోపణ మాత్రం నిజంగానే చేతికి రావచ్చు. ఆ వినయంలో ఈ భయం పాలెంతో నాకే అనుమానంగా ఉంది.